అడ్డుగోడ కావాలని అడిగింది పల్లెటూరి విశ్వాసులే

సభలో ఉన్న పెద్దలకు, విద్యార్థులకు, నాతో పాటు ఈ జిల్లాలో చదువుకుని ఇవాళ నన్ను చూడటానికి వచ్చిన పాత మిత్రులకు నమస్కారం. నేను ఒంగోలు దగ్గర పల్లెలో పుట్టాను, మిషన్ బడిలో అక్షరాలు దిద్దుకున్నాను, వైద్యం చదివి 1998లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక చిన్న కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆసుపత్రిలో చేరాను. పై చదువుకు అమెరికా వెళ్లిన విదేశీ వైద్యులు వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తే స్వదేశానికి తిరిగి వెళ్లాలన్న వీసా షరతు నుంచి వారికి మినహాయింపు దొరుకుతుంది. ఆ దారినే మన తెలుగు వైద్యులు ఎందరో అమెరికా పల్లెలకు చేరారు. చాలామంది మూడేళ్లు కాగానే నగరాలకు వెళ్లిపోయారు, నేను మాత్రం ఇరవై నాలుగేళ్లు అక్కడే ఉండిపోయాను. ఆ ఊరి మనుషులంటే నాకు ప్రేమ. ఆ ప్రేమతోనే ఈ ఉపన్యాసం రాసుకున్నాను.

నేను మాట్లాడబోయేది అమెరికా పల్లెల్లో క్రైస్తవ జాతీయవాదం గురించి, ముందు ఆ మాటకు అర్థం చెప్పుకుందాం. క్రైస్తవుడై ఉండటం, దేశాన్ని ప్రేమించడం, తన విశ్వాసాన్ని బట్టి ఓటు వేయడం క్రైస్తవ జాతీయవాదం కాదు. అమెరికా క్రైస్తవ దేశంగానే పుట్టిందని, దాని చట్టాలు క్రైస్తవ విలువల మీదే నిలవాలని, క్రైస్తవుడు కాని వాడు నిజమైన అమెరికన్ కాలేడని, సమాజంలోని అన్ని రంగాల మీద ఏలుబడి చేయమని దేవుడు క్రైస్తవులను పిలిచాడని నమ్మడమే క్రైస్తవ జాతీయవాదం. ఇలాంటి వాక్యాలనే ప్రజల ముందు పెట్టి పీఆర్ఆర్ఐ అనే సర్వే సంస్థ 2023లో అభిప్రాయాలు అడిగినప్పుడు, దేశం మొత్తం మీద పది మందిలో ఒకరు వాటిని గట్టిగా సమర్థించారు, మరో ఇద్దరు సానుభూతి చూపారు. నార్త్ డకోటా, మిసిసిపీ వంటి పల్లెలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఈ రెండు వర్గాలూ కలిస్తే జనంలో సగానికి చేరాయి. దీన్ని బట్టి నగరాల్లో చాలామంది ఒక నిర్ణయానికి వచ్చేస్తారు. పల్లె అంటేనే ఈ భావజాలమని, పల్లె విలువలంటే ఇవేనని అనుకుంటారు. క్రైస్తవ జాతీయవాదం ప్రచారం చేసే నాయకులు చెప్పేదీ ఇదే మాట. ఇద్దరూ పొరబడుతున్నారని నా నమ్మకం. అందుకు ఆధారాలు చరిత్రలో ఉన్నాయి, నా కళ్లతో చూసినవీ ఉన్నాయి.

1801 వేసవిలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని చెషైర్ అనే పల్లెలో రైతు కుటుంబాలు తమ ఆవుల పాలన్నీ ఒక చోటికి చేర్చి ఒకే ఒక్క జున్ను గడ్డ తయారుచేశాయి. మనం జున్ను అనుకునే ముర్రుపాల జున్ను కాదిది, నెలల తరబడి నిలవ ఉండే చీజ్. అంత పెద్ద గడ్డను నొక్కడానికి ఏ ఇంట్లోనూ పనిముట్టు లేకపోవడంతో ఆపిల్ పళ్ల రసం తీసే గానుగను వాడారు. దాని బరువు 1,235 పౌండ్లు, అంటే మన లెక్కలో 560 కిలోలు. దాన్ని పడవ మీద, బండి మీద వందల మైళ్లు మోసుకెళ్లి 1802 జనవరి 1న అధ్యక్షుడు థామస్ జెఫర్సన్‌కు అందించిన మనిషి జాన్ లేలాండ్, ఆ ఊరిలో బాప్టిస్టు అనే క్రైస్తవ శాఖకు చెందిన బోధకుడు. బానిసల చెమట ఒక్క చుక్క కూడా లేకుండా, స్వతంత్రులైన రైతులు, వారి భార్యలు, కూతుళ్లు ఇష్టపూర్వకంగా చేసిన కానుక ఇదని లేలాండ్ సగర్వంగా చెప్పాడు. ఆ మాట విన్న జెఫర్సన్ స్వయంగా వందల మంది బానిసలకు యజమాని అన్న సంగతి మనం మరచిపోకూడదు. కానుకలు ఊరికే తీసుకోవడం ఆయన నియమానికి విరుద్ధం కనుక రెండు వందల డాలర్లు చెల్లించాడు.

ఆ పల్లెటూరి వాళ్లకు జెఫర్సన్ మీద అంత అభిమానం ఎందుకు? ఆయన భక్తుడనా? కాదు, ఆయన దైవద్రోహి అని ప్రత్యర్థులు ఊరూరా ప్రచారం చేస్తున్న రోజులవి. ఆయన తమ విశ్వాసం జోలికి రాడన్న నమ్మకమే ఆ అభిమానానికి మూలం. అప్పట్లో మసాచుసెట్స్‌లోనూ కనెక్టికట్‌లోనూ కాంగ్రిగేషనల్ అనే మరో క్రైస్తవ సంఘానికి ప్రభుత్వ గుర్తింపు ఉండేది, దాని పోషణకు పన్ను వసూలయ్యేది. బాప్టిస్టు రైతు ఆ పన్ను తప్పించుకోవాలంటే తాను ఫలానా సంఘానికి చెందినవాడినని ధ్రువపత్రం దాఖలు చేయాలి. ఒక్క క్షణం ఆలోచించండి, నేను ఎవరిని ఎలా ఆరాధిస్తానో కచేరీలో కాగితం పెట్టి నిరూపించుకోవాలి. కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టులు జెఫర్సన్‌కు రాసిన లేఖలో ఇదే బాధ చెప్పుకున్నారు. తమకున్న మత స్వేచ్ఛ హక్కుగా కాక దయాభిక్షగా దక్కుతోందని వాపోయారు. జున్ను గడ్డ అందిన రోజునే, అదే 1802 జనవరి 1న, జెఫర్సన్ వారికి జవాబు రాశాడు. మతానికీ రాజ్యానికీ నడుమ ‘అడ్డుగోడ’ అన్న ప్రసిద్ధమైన మాట ఆ జవాబులోదే.

ఇవాళ ఆ గోడను నాస్తికులు కట్టిన గోడ అంటున్నారు. కానీ దాన్ని అడిగింది పాలు పితికే ఇళ్లవాళ్లు, ఆదివారం బోధ చేసి సోమవారం అరక పట్టే బోధకులు. ఇంకొంచెం వెనక్కి వెళితే ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. వర్జీనియాలో ఆంగ్లికన్ సంఘం రాజ్యమతంగా ఉన్న రోజుల్లో, లైసెన్సు లేకుండా బోధిస్తున్నారని బాప్టిస్టులను జైళ్లలో వేశారు. కల్పెపర్ జైల్లో జేమ్స్ ఐర్లండ్ అనే బోధకుడు కిటికీ ఊచల వెనక నిలబడి బయట గుమిగూడిన జనానికి వాక్యం చెప్పేవాడు. గిట్టనివాళ్లు ఆ జనం మీదికి గుర్రాలు తోలారు, లోపల ఆయనకు ఊపిరాడకుండా గంధకం పొగ పెట్టారు. పక్క కౌంటీలో ఉండే జేమ్స్ మాడిసన్ అనే యువకుడు, సదుద్దేశం గల ఐదారుగురు మనుషులు తమ మత భావాలు ప్రకటించినందుకు జైల్లో మగ్గుతున్నారని 1774లో స్నేహితుడికి బాధగా రాశాడు. రాజ్యాంగ సభలో కీలక పాత్ర వహించిన మాడిసన్ ఆయనే. 1789లో తొలి కాంగ్రెసుకు పోటీ చేసినప్పుడు మనస్సాక్షి హక్కులను రాజ్యాంగంలో చేరుస్తానని జార్జ్ ఈవ్ అనే బాప్టిస్టు బోధకుడికి లేఖ రాసి మాటిచ్చాడు. ఆ ఎన్నికలో ఆయన గెలిచింది 336 ఓట్ల తేడాతో. 1791లో అమల్లోకి వచ్చిన, మత స్వేచ్ఛకు హామీ ఇచ్చే రాజ్యాంగ మొదటి సవరణ వెనక మేధావుల గ్రంథాలు ఎంత ఉన్నాయో, జైలు కిటికీ దగ్గర నిలబడిన పల్లెటూరి విశ్వాసుల ఓట్లు కూడా అంత ఉన్నాయి.

ఇదంతా మనకెందుకని ఎవరైనా అనుకుంటే, ఆ బాప్టిస్టుల వారసులే ఈ ఒంగోలుకు వచ్చారని గుర్తుచేస్తాను. జాన్ ఎవరెట్ క్లౌ, మన పెద్దవాళ్లు క్లౌ దొర అని పిలిచే మనిషి, పెరిగింది చదివింది నేను పనిచేసిన అయోవా రాష్ట్రంలోనే. 1876 నుంచి 1878 దాకా సాగిన ధాత కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్న వేల మందికి కూలి దొరికేలా చూశాడు. ఆ నెలల్లో బాప్తిస్మం ఇమ్మని జనం గుంపులుగా వచ్చి అడిగినా ఇవ్వలేదు. తిండి కోసం పుట్టే విశ్వాసం విశ్వాసం కాదన్నది ఆయన పట్టుదల. కరువు పనులు ముగిసి, పంచడానికి డబ్బు లేదని తేలిపోయాక కూడా వచ్చినవాళ్లకే ఇచ్చాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, మన తెలుగు బోధకులే ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ ఇచ్చారు. ఆ మిషనరీలు వలస ప్రభుత్వ నీడలోనే పనిచేశారన్నది నిజం, దాన్ని నేను దాచను. అయినా ఆకలితో గాని, అధికారంతో గాని మనస్సాక్షిని కొనకూడదన్న ఆ నియమం కల్పెపర్ జైలు నుంచి గుండ్లకమ్మ దాకా ఒకటే.

మరి అలాంటి పల్లెల్లో క్రైస్తవ జాతీయవాదానికి చోటు ఎలా దొరికింది? ఈ ప్రశ్నను చులకన చేసేవాళ్లంటే నాకు కోపం. 2020 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో గ్రామీణులు 6 కోట్ల 60 లక్షలు, ప్రతి ఐదుగురిలో ఒకరు. వాళ్ల కష్టం కల్పితం కాదు. 1981లో అయోవాలో సగటున ఎకరం 2,147 డాలర్లు పలికిన భూమి 1986 నాటికి 787 డాలర్లకు పడిపోయింది. భూమిని చూపించి అప్పు తెచ్చుకున్న రైతు, ఒక్క పంట కూడా పోగొట్టుకోకుండానే, బ్యాంకు లెక్కల్లో దివాలా తీశాడు. నా దగ్గరికి రక్తపోటుకు మందుల కోసం వచ్చే ముసలి రైతులు ఆ ఏళ్ల గురించి మన తాతలు కరువు గురించి మాట్లాడినట్టే గొంతు తగ్గించి మాట్లాడేవారు. ఆ తర్వాత బడులు కలిపేశారు, 2010 నుంచి వందకు పైగా గ్రామీణ ఆసుపత్రులు మూతపడ్డాయి, 2005 నుంచి మూడు వేలకు పైగా స్థానిక పత్రికలు ఆగిపోయాయి. ఊరి పత్రిక పోతే కౌంటీ బడ్జెట్ గురించి, వంతెన గురించి రాసే మనిషి పోయినట్టే. ఆ ఖాళీలోకి ఎక్కడో దూరాన ఉన్న టీవీ స్టూడియోలో కూర్చుని ‘నీ దేశాన్ని ఎవరో దొంగిలించారు’ అని చెప్పే గొంతు వస్తుంది.

ఆ గొంతు కొత్తది కూడా కాదు. అదే సంక్షోభ కాలంలో పాసీ కామిటాటస్ అనే ముఠా రైతుల మధ్య తిరుగుతూ, మీ అప్పులకు కారణం యూదు బ్యాంకర్లని, తెల్ల క్రైస్తవులదే ఈ నేల అని, కౌంటీ పోలీసు పెద్ద అయిన షరీఫ్‌ను మించిన ప్రభుత్వం లేదని నూరిపోసింది. దాని మాటలు నమ్మిన గోర్డన్ కాల్ అనే నార్త్ డకోటా రైతు 1983 ఫిబ్రవరిలో ఇద్దరు ఫెడరల్ మార్షల్స్ (కేంద్ర ప్రభుత్వ పోలీసు అధికారులు) మరణానికి కారకుడై, కొన్ని నెలలకు తానూ తుపాకుల మధ్యే చనిపోయాడు. అదే సమయంలో, అదే మైదానాల్లో, లూథరన్ పాస్టర్లు, మెతోడిస్టులు, కాథలిక్ ఫాదర్లు వేలం పాటల దగ్గరికి వెళ్లి రైతు పక్కన నిలబడ్డారు, ఆత్మహత్య ఆలోచనలతో ఫోన్ చేసేవాళ్ల మాట వినడానికి రాత్రింబవళ్లు మనుషులను కూర్చోబెట్టారు, డెమోయిన్ బిషప్ మారిస్ డింగ్‌మన్ రైతుల తరఫున బహిరంగంగా మాట్లాడాడు. రెండూ బైబిలు పట్టుకుని వచ్చినవే. ఒకటి రైతుకు శత్రువును చూపించింది, రెండోది రైతు పొరుగువాళ్లను అతని ఇంటికి తీసుకొచ్చింది.

పొరుగు అన్న మాటకు అక్కడ ఎంత విలువ ఉందో ఒక్క రోజు గురించి చెబితే మీకు తెలుస్తుంది. నా పేషంటు ఒకాయనకు అక్టోబరులో, సోయా కోతకు వచ్చిన వారంలో, గుండెపోటు వచ్చింది. ఆయన ఆసుపత్రి మంచం మీద చేను గురించే కలవరిస్తుంటే, ఆ శనివారం పొద్దున మంచు విడవకముందే ఎనిమిది కంబైన్ యంత్రాలు ఆయన పొలంలోకి వరసగా దిగాయి. ఎవరి డీజిల్ వాళ్లే పోసుకున్నారు. తమ చేలలో కోత మిగిలి ఉన్నవాళ్లు, వాన సూచన ఉందని తెలిసినవాళ్లు కూడా ఉన్నారు. మన పల్లెల్లో ఒకరి చేనుకు ఒకరు బదులుకు వెళ్లినట్టే అది. చర్చి ఆడవాళ్లు ట్రక్కు వెనక తలుపు దించి దాన్నే బల్లగా చేసుకుని మాంసం పెట్టిన రొట్టెలు, ఆపిల్ పై, కాఫీ పెట్టారు. నా భార్య పులిహోర చేసి తెచ్చింది, గిన్నె ఖాళీ అయ్యాక ఒకావిడ ఆవాల సంగతి అడిగి చీటీ మీద రాసుకుంది. సాయంత్రానికి మూడు వందల ఎకరాలు కోత పూర్తయింది. ఆ రైతు ఏ చర్చికి వెళ్తాడని, అసలు వెళ్తాడా అని అక్కడ ఎవరూ అడగలేదు. నాకు తెలిసి ఆయన ఏ చర్చికీ వెళ్లడు.

పల్లె విలువ అంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ శనివారమే. రెండోది సహకార సంఘం. 1935లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ మొదలయ్యే నాటికి అమెరికాలో పది పొలాల్లో ఒకదానికి కూడా కరెంటు ఉందో లేదో అన్నట్టుండేది. కంపెనీలు లాభం లేదని తీగ వేయకపోతే రైతులే సహకార సంఘాలు పెట్టి, సర్కారు అప్పు తెచ్చుకుని వేసుకున్నారు. ధాన్యం నిలవ చేసే సహకార గిడ్డంగుల్లోనూ అదే పద్ధతి. రెండు వేల ఎకరాల ఆసామికీ ఒక్క ఓటే, నలభై ఎకరాల వాడికీ ఒక్క ఓటే. ప్రజాస్వామ్యం అనే పెద్ద మాటను ఆ రైతులు ఎప్పుడూ వాడరు, ప్రతి ఏడాది జనవరిలో మడత కుర్చీల మీద కూర్చుని డైరెక్టర్లను నిలదీసి ఓటు వేస్తారు, అంతే. క్రైస్తవ జాతీయవాదం తాకేది సరిగ్గా ఈ చోటునే. ఒక మతం వాడు ఇంటివాడు, మిగతావాళ్లు అతిథులు అన్నాక ఒక్కొక్కరికి ఒక్కో ఓటు అన్న మాటకు అర్థం ఉండదు. ఓడిపోయిన ఎన్నిక కూడా దేవుని చిత్తానికి విరుద్ధంగా జరిగిన దొంగతనంగా కనిపిస్తుంది. 2021 జనవరి 6న శిలువలు, యేసు పేరు రాసిన జెండాలు పట్టుకుని పార్లమెంటు భవనం మీదికి ఎగబడి, సెనేట్ సభలో నిలబడి ప్రార్థన చేసినవాళ్లను చూసినప్పుడు, మా ఊరి మెతోడిస్టు పాస్టరు క్లినిక్‌లో నా ఎదుట కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు.

పల్లె అంటే తెల్లవాళ్ల పల్లె మాత్రమే కాదన్నది కూడా ఈ చర్చలో తరచూ మరుగున పడిపోతుంది. మిసిసిపీలో రూల్‌విల్ అనే ఊళ్లో పత్తి ఏరిన కౌలు కూలీ ఫానీ లూ హేమర్, తనకు ఓటు హక్కు ఉందన్న సంగతే 1962లో చర్చిలో జరిగిన సభలో విన్నది. ఆ ఆగస్టు 31న పదిహేడు మందితో కలిసి బస్సులో వెళ్లి పేరు నమోదుకు ప్రయత్నించినందుకు పద్దెనిమిదేళ్లు పనిచేసిన ఎస్టేటు నుంచి గెంటేశారు, మరుసటి ఏడాది జైల్లో చావగొట్టారు. ఆమెను నిలబెట్టింది బైబిలే, ఆమె నోట పలికింది భక్తి గీతాలే. పల్లె, క్రైస్తవం, ప్రజాస్వామ్యం మూడూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయో చూడాలనుకునేవాళ్లు ఆమెను చూడాలి.

మా రాష్ట్రంలోనే, మా ఊరికి రెండు గంటల దూరంలో, పోస్ట్‌విల్ అనే ఊరుంది. జనాభా రెండు వేల చిల్లర. 2008 మే 12న ఫెడరల్ అధికారులు హెలికాప్టర్లతో వచ్చి అక్కడి మాంసం ఫ్యాక్టరీలో సరైన వలస పత్రాలు లేవని 389 మందిని అరెస్టు చేశారు, ఎక్కువమంది గ్వాటెమాలా నుంచి వచ్చిన కూలీలు. ఊరి జనంలో ఆరో వంతుకు పైగా ఒక్క పూటలో మాయమైనట్టయింది. వాళ్లను వాటర్లూ నగరంలో పశువుల ప్రదర్శన జరిగే మైదానంలో ఉంచి విచారించారు. మిగిలిన భార్యలు, పిల్లలు సెయింట్ బ్రిడ్జెట్ చర్చికి పరుగెత్తారు. ఆ రాత్రి వందల మంది అక్కడ బెంచీల మీదే పడుకున్నారు. ఆ చర్చిలో పనిచేసే సిస్టర్ మేరీ మెకాలీ, ఊరి ఆడవాళ్లు తర్వాతి నెలలంతా వాళ్లకు అద్దెలు, తిండి, లాయర్ల ఖర్చులు సమకూర్చారు. నేను ఒక ఆదివారం పిల్లలను పరీక్షించడానికి వెళ్లాను. వలసల చట్టం మీద ఆ ఊరివాళ్లలో ఏకాభిప్రాయం లేదు, ఫ్యాక్టరీ వల్ల ఊరు మారిపోయిందని విసుక్కునేవాళ్లూ ఉన్నారు. ఆ విసుగుతోనే పాల డబ్బాలు తెచ్చి చర్చి మెట్ల మీద పెట్టి వెళ్లారు.

మన తెలుగువాళ్లకు ఈ విషయం ఇటీవల ఇంకోలా తగిలింది. టెక్సాస్‌లోని షుగర్‌లాండ్‌లో చినజీయర్ స్వామి ప్రేరణతో 2024 ఆగస్టులో తొంభై అడుగుల హనుమంతుని విగ్రహం వెలిసింది. మరుసటి ఏడాది సెనేట్ పదవికి పోటీపడుతున్న ఒక రిపబ్లికన్ అభ్యర్థి, ఇది క్రైస్తవ దేశం, అబద్ధపు దేవుడి విగ్రహాన్ని ఇక్కడ ఎందుకు ఉండనిస్తున్నామని బహిరంగంగా అడిగాడు. మన వాళ్లు నొచ్చుకున్నారు, నేనూ నొచ్చుకున్నాను. ఆ నొప్పిని మరచిపోకండి, మన ఊళ్లో ఇంకొకరి ప్రార్థనా మందిరం గురించి ఎవరైనా అలాగే మాట్లాడినప్పుడు అది గుర్తుకు రావాలి. ఆ విగ్రహం అక్కడ నిలబడింది డాన్‌బరీ బాప్టిస్టులు అడిగి సాధించుకున్న హక్కు మీదనే. 2019లో క్రైస్తవ జాతీయవాదానికి వ్యతిరేకంగా క్రైస్తవుల పేరుతోనే ఉద్యమం మొదలుపెట్టిన సంస్థ కూడా బాప్టిస్టులదే.

నేను అక్కడి నుంచి బయలుదేరే ముందు ఏడాది ఒక సాయంత్రం కౌంటీ బోర్డు సమావేశానికి వెళ్లాను. కంకర రోడ్డు మీది పాత వంతెన మూసేయడంతో అంబులెన్సు పదకొండు మైళ్లు చుట్టు తిరగాల్సి వస్తోంది, ఆ సంగతి చెప్పడానికి వెళ్లాను. ఎజెండా మొదలవకముందే ఒక యువకుడు లేచి, ఇకనుంచి ప్రతి సమావేశాన్నీ యేసు నామంలో ప్రార్థనతో ప్రారంభించాలని, ఇది క్రైస్తవ కౌంటీ అని చాటాలని ప్రతిపాదన పెట్టమన్నాడు. స్థానిక సభల్లో ప్రార్థన చేయవచ్చని సుప్రీంకోర్టు 2014లో 5-4 తీర్పు ఇచ్చింది కనుక అతను అడిగినదాంట్లో ప్రార్థన వరకు చట్టం అడ్డు లేదు. గదిలో ఉన్న ఒక్క హిందువును నేనే. అందరి చూపూ నా మీదికి రాకుండా ఉండాలని తల వంచుకుని కూర్చున్నాను. అప్పుడు వెనక వరసలో ఎనభై దాటిన బాప్టిస్టు రైతు ఒకాయన, చర్చిలో నలభై ఏళ్లు డీకన్‌గా చేసిన మనిషి, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ‘నా ప్రార్థన నేను ఇంట్లో వంటింటి బల్ల దగ్గర చేసి వచ్చాను బాబూ, ఆ పని కౌంటీకి అప్పగించే ఉద్దేశం నాకు లేదు, డాక్టరుగారు వంతెన గురించి ఏదో చెప్పాలని వచ్చారు, అది విందాం’ అన్నాడు. ముగ్గురు సభ్యుల్లో ఎవరూ ప్రతిపాదన పెట్టలేదు. చైర్మన్ నా వైపు తిరిగి చెప్పమన్నాడు, ఇంజనీరు పటం తీసి బల్ల మీద పరిచాడు, ఆ యువకుడు కూడా తన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు, ఎందుకంటే ఆ వంతెన అవతలే అతని పొలం.